చాప్లిను సోదరులలో జ్యేష్ఠుఁడు

చాప్లిను అను పేరు చెవినిఁ బడినంతనే లోకమున కొక్కని రూపమే స్ఫురించును: చిన్న టోపి, పొట్టిమీసము, వంపుకఱ్ఱ, వదులైన లాగు, పెద్ద బూట్లు. వైయాకరణు లేకశేషమను వృత్తి నొకదానిఁ జెప్పుదురు. సమానరూపములగు పదములు పెక్కు కలిసినప్పు డందొక్కటియే నిలిచి తక్కినవి పోవును. పోయినవాని యర్థము మాత్రము నిలిచిన పదమునందే యుండును. చాప్లిను శబ్దమునకు లోకమునఁ గలిగినదియు నేకశేషమే. కాని యిచటఁ బోయిన పదముతోఁగూడ దాని యర్థమును బోయినది. ఇది శాస్త్రమునకు విరుద్ధము.

ఆ పోయినవాఁడు సిడ్నీ చాప్లిను. చార్లీకంటె నాలుగేండ్లు పెద్దవాఁడు. తానును నటుఁడు, నాటకరంగమునఁ దమ్మునికంటె ముందు నిలదొక్కుకొన్నవాఁడు, మూకచిత్రముల కాలమునఁ దన పేరుతోనే ప్రేక్షకులను రప్పించినవాఁడు. అయినను చలనచిత్రచరిత్రములలో నీతఁడు సాధారణముగాఁ జార్లీ యన్నగా, ఆతని వ్యవహారకర్తగా మాత్రమే కనఁబడును. వ్యవహారకర్త యగుట నిజమే. ఆ నిజముచేతనే నటుఁడు మఱుఁగుపడినాఁడు. ఈ రెంటిని వేఱువేఱుగాఁ జూచి, యీతఁడు నటుఁడుగా నెంతవాఁడు, ఆ నటజీవిత మర్ధాంతరముగా నేల ముగిసినది యను ప్రశ్నలను విచారించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

సిడ్నీ 1885వ సంవత్సరము మార్చి 16వ తేదీని లండనులోఁ బుట్టెను. తల్లి హన్నా హిల్లు సంగీతశాలలలోఁ బాడు నటి. జననపత్రమునఁ దండ్రిపేరు లేదు. బిడ్డ పుట్టిన మూఁడు మాసములకు, జూను 22వ తేదీని, ఆమె చార్లెసు చాప్లిను అను గాయకుని వివాహమాడెను. బిడ్డ కాతని యింటిపేరు వచ్చినది. 1889 ఏప్రిలు 16వ తేదీని చార్లీ పుట్టెను. తల్లి పదునెనిమిదవ యేఁట నొక ధనికునివెంట నాఫ్రికాకుఁ బోయెననియు, సిడ్నీ యొక ప్రభువు కుమారుఁడనియు, ఇరువదియొకటవ యేఁట వానికి రెండువేల పౌనులు సంక్రమించుననియుఁ దనకుఁ జెప్పిరని చార్లీ 1964లోఁ బ్రకటించిన స్వీయచరిత్రమున వ్రాసినాఁడు. ఆ రెండువేలు సంక్రమించిన జాడ తరువాతి కథలో నెచ్చటను గానరాదు.

ఇట్టి సంబంధము నింగ్లీషువా రర్ధసోదరత్వ మందురు. మన సోదరశబ్దమునకో, సమానమైన యుదరమునఁ బుట్టినవాఁడనియే వ్యుత్పత్తి. తండ్రి ప్రసక్తి యందు లేదు. కావున మన భాషలోఁ జెప్పవలసినచో సిడ్నీ చార్లీకిఁ బూర్ణసోదరుఁడే. వా రిద్దఱు నడచుకొన్న తీరును మన వ్యుత్పత్తికే సరిపడియున్నది. ఆ యుదరమునఁ బుట్టిన మూఁడవవాఁ డొకఁడు కలఁడు. వీలరు డ్రైడను అను నతఁడు 1892లోఁ బుట్టెను. తండ్రి వానినిఁ బసితనముననే తల్లికడనుండి తీసికొనిపోయెను. అతఁడును నటుఁడే యై భారతదేశమునందును దూరప్రాచ్యమునందును నాటకసంఘములతోఁ దిరుగుచున్న కాలమునఁ దన యన్న యెవరో తండ్రివలనఁ దెలిసికొనెను. ఈ కుటుంబకథ యిట్లు మన దేశమును నొకపరి తాఁకి పోయినది.

బాల్యమును గుఱించి చార్లీ వ్రాసిన పుటలలో సిడ్నీయే యెక్కువ దయతోఁ జిత్రింపఁబడినాఁడు. 1896లో దారిద్ర్యముచేతఁ దల్లియు నిద్దఱు పిల్లలును లండనులోని దరిద్రాశ్రమమునఁ జేరవలసివచ్చెను. అచటినుండి పిల్లలను హాన్వెలునందలి బీదపిల్లల పాఠశాలకుఁ బంపిరి. సిడ్నీకిఁ బదునొకండేండ్లు, చార్లీకి ఏడు. ఆ సంవత్సరము నవంబరులో సిడ్నీని 'ఎక్సుమౌతు' అను శిక్షణనౌక కెక్కించిరి. బీదపిల్లలను నావికులనుగాఁ దీర్చు నోడ యది. 1898 ఆరంభమున నతఁ డందుండి వెలువడెను. ఆ కాలమున వారి యింట సిడ్నీకిఁ గల యొక్క మంచి దుస్తుల జతను సోమవారమునఁ గుదువపెట్టి శనివారమున విడిపించుచుండిరఁట. వార్తాపత్రికల నమ్మఁబోయిన పిల్లవానికి బస్సుమీఁద నొక సంచి దొరకినది. అందు చిల్లరతోఁగూడ నేడు బంగారు నాణెములు. ఆ ధనముతోఁ దల్లి పిల్లలకుఁ గ్రొత్తబట్టలు కొని యొకదినము సముద్రతీరమునకుఁ దీసికొనిపోయెను. ఈ కథనుఁ జెప్పినవాఁడు చార్లీ.  

1901నుండి సిడ్నీ దక్షిణాఫ్రికాకుఁ బోవు నోడలలో బాకా నూఁదువాఁడుగాను వడ్డించువాఁడుగాను బనిచేసెను. 1903 మేలోఁ దల్లికి మతి చలింపఁగా నామెను బిచ్చియాసుపత్రిలోఁ జేర్చిరి. అన్న సముద్రముమీఁద నున్నాఁడు. పదునాలుగేండ్ల చార్లీ యొంటరిగా లండను వీథులలోఁ దిరుగుచుండెను. కొంత ధనము కూడఁబెట్టుకొని తిరిగివచ్చిన సిడ్నీ యిఁక నోడ యెక్కఁబోనని, నాటకరంగమునఁ బ్రవేశింతునని నిశ్చయించుకొనెను. కాని మొదటి వేషము దొరకినది తమ్మునికి. అప్పటికిఁ జార్లీకిఁ జదువు సరిగా రాదు. ముప్పదియైదు పుటల పాత్రను సిడ్నీ చదివి వినిపించుచు, మన యుపాధ్యాయులు సంతచెప్పినట్లు, మూఁడుదినములలోఁ గంఠస్థము చేయించెను. నాకుఁ జూడఁగా నా మూఁడుదినములు చాప్లినుల చరిత్రమున గొప్ప ఘట్టము. తమ్ముని నోట నాటకవాక్యమును మొదటఁ బెట్టినవాఁ డన్న. తరువాత 'షెర్లాకు హోమ్సు' నాటకమును బ్రదర్శించుచుండిన సంఘమునఁ జార్లీ మాటమీఁద సిడ్నీకిని వేషము లభించినది. ఋణ మిట్లు రెండువైపులను నడచుచుండెను.

1906లో సిడ్నీ ఫ్రెడ్ కార్నో సంఘమునఁ జేరెను. మాటలు తక్కువగా నుండి, యంగవిక్షేపముతో సూక్ష్మముగాఁ గథ నడపు హాస్యరూపకములకు నా సంఘ మింగ్లండులోఁ బ్రసిద్ధము. అందు సిడ్నీ స్వల్పకాలముననే ప్రధానహాస్యగాఁడై యమెరికాకును బోయివచ్చెను. తమ్మునిఁ జేర్చుకొనుఁడని యతఁడు కార్నోను బలుమాఱు కోరెను. కార్నోకుఁ జార్లీ బిడియస్థుఁడుగాఁ దోఁచినాఁడు. ఎట్టకేలకు 1908 ఫిబ్రవరిలో రెండువారముల పరీక్షకై తీసికొన్నాఁడు. పరీక్ష నెగ్గిన పిమ్మట జరిగినకథ లోకమెఱుఁగును. 1913లో నమెరికా యాత్రలో నుండి చలనచిత్రముల పిలుపు వచ్చినదని చార్లీ మొదట వ్రాసిన యుత్తరములలో నొకటి సిడ్నీకే.

1914 నవంబరులో సిడ్నీ తానును కాలిఫోర్నియాకుఁ బోయి కీస్టోను సంస్థలో వారమునకు 200 డాలర్ల జీతమునఁ జేరెను. అప్పటికి నా సంస్థలోఁ జార్లీకి ముట్టుచున్నది యింతకంటెఁ దక్కువ. చార్లీ వేఱు సంస్థకుఁ బోఁగా, సిడ్నీ 'గస్సిలు' అను పాత్రను గల్పించి వరుసగాఁ జిన్నచిత్రములలో నటించెను. ఆ సంస్థలో నతని చివరి చిత్రము 1915 నాఁటి 'ఎ సబ్‌మెరైన్ పైరేటు'. భోజనశాలలో వడ్డించువాఁడొకఁడు జలాంతర్గామికి నాయకుఁడై కూర్చుండుట కథ. ఓడలో వడ్డించిన యనుభవము గల నటుని కా పాత్ర యెట్లు కుదిరియుండునో చెప్పనక్కఱలేదు. చిత్రము మిగుల నాదరింపఁబడినది. ఆ యూపున నతఁడు నటనముననే సాగియుండిన నేమయ్యెడిదో! అతఁడు మాత్రము తన వేషమును విప్పి ప్రక్కకుఁబెట్టి తమ్ముని లెక్కలపుస్తకమును జేతఁబట్టెను.

దానివలనఁ గలిగిన ఫలమును లెక్కలలోనే చూపవలయును. 1916 ఫిబ్రవరిలో న్యూయార్కునందు మ్యూచువలు సంస్థతోఁ గుదిరిన యొప్పందము ప్రకారము చార్లీకి వారమునకుఁ బదివేల డాలర్ల జీతము, పయిని లక్షయేఁబదివేల డాలర్ల బహుమానము; వెరసి యొక సంవత్సరమునకు 6,70,000 డాలర్లు. రెండేండ్ల క్రిందట నతని జీతము వారమునకు 150 డాలర్లు. 1917లో ఫస్టు నేషనలు సంస్థతో నెనిమిది చిత్రములకుఁ బదిలక్షల డాలర్ల పైబడి యొప్పందము కుదిరినది. ఈ రెండు బేరములను నడపినవాఁడు సిడ్నీ. 1919లో యునైటెడ్ ఆర్టిస్ట్సు సంస్థ యేర్పడుటకు జరిగిన మంతనములలోను నతఁ డుండెను. డబ్బు విషయమునఁ జార్లీకి గల స్వాతంత్ర్యమే కళవిషయమునఁ గల స్వాతంత్ర్యమునకు మూలము. ఒక్కొక్క చిత్రమును నెలలకొలఁది చెక్కుటకు వాని కవకాశ మిచ్చినవి యీ పత్రములే. కావున నా చిత్రములఁ బ్రశంసించువారు సిడ్నీకిఁ గొంత యప్పుపడియున్నారు.

ఇదే కాలమున నతఁడు తమ్ముని చిత్రములలోఁ జిన్నవేషములు వేయుటయుఁ గలదు. 'ఎ డాగ్స్ లైఫు' (1918)లోఁ దినుబండారముల బండివాఁడు. 'షోల్డరు ఆర్మ్సు' (1918)లో నొక సార్జెంటును, జర్మనుచక్రవర్తి కైజరును నతఁడే. 'పే డే' (1922), 'ది పిల్‌గ్రిం' (1923) చిత్రములలోను గనఁబడును. బండివాఁడు వెనుదిరిగినప్పు డెల్లఁ జార్లీ తినుబండారమును నోటఁ బెట్టుకొనును. తిరిగి చూచునప్పటికి నోరు కదలదు. ఈ ఘట్టమున నవ్వు చార్లీది. ఆ నవ్వునకుఁ గాలము కొలిచి యిచ్చినది సిడ్నీ మెడ త్రిప్పుట. రెప్పపాటు ముందైనను వెనుకైనను ఘట్టము చెడును. కార్నో సంఘమునఁ బండిన చేయియే యిట్టి పని చేయఁగలదు.

1919లో నతఁడు విమానసంస్థ నొకదానిని స్థాపించి లాసేంజెలిసుచెంతనుండి కేటలీనా ద్వీపమునకుఁ బ్రయాణికులను నీటివిమానములలోఁ జేరవేసెను. అది రెండేండ్లయిన నిలువలేదు. ఆ సంవత్సరమే మఱియొక పెద్దసంస్థ తన పేరుమీఁదఁ జిత్రములు తీయుమని పదిలక్షల డాలర్ల యొప్పందము నొసఁగెను. దాని ఫలముగా వచ్చినది 1921 నాఁటి 'కింగ్, క్వీన్, జోకరు' అను నొక్క చిత్రమే. అదియు విఫలమైనది. ఈ విఫలచిత్రమును బండితులు మఱియొక కారణమునఁ బరిశీలింపవలసియున్నది. అందు సిడ్నీ రెండు పాత్రలు ధరించెను: ప్రజలు తిరుగఁబడుచున్న రాజ్యమున కొక రాజు, అచ్చముగా నా రాజును బోలిన యొక మంగలి. పందొమ్మిదేండ్లకు, 1940లోఁ జార్లీ తీసిన 'ది గ్రేట్ డిక్టేటరు'నందు నియంతయు వానిని బోలిన మంగలియుఁ దానే యయ్యెను. ఏకరూపులైన రాజు సామాన్యుల కథ ప్రాచీనమే. కాని సామాన్యుఁడు మంగలి యగుట రెండింటను గలుగుట కేవలము కాకతాళీయ మనుటకు నాకు మనసు రాదు. పెద్దవాఁడు పాడుచేసిన బీజమును జిన్నవాఁడు పండించె నన్నచో నెవరికిని లాఘవము లేదు.

సిడ్నీ నటుఁడుగా శిఖరము నందినది 1925 మొదలు 1928 వఱకుఁ గల నాలుగేండ్లలో. 'చార్లీస్ ఆంట్' అను నాటకము 1892నాఁటిది. ఆక్సుఫర్డు విద్యార్థి యొకఁడు మిత్రుల ప్రార్థనమున బ్రెజిలునుండి వచ్చిన మేనత్తగా వేషము వేయుట కథ. 1925 నాఁటి చిత్రమున సిడ్నీ యీ వేషము ధరింపఁగా నది ఘనవిజయ మందెను. స్థానం నరసింహారావుగారి స్త్రీపాత్రలఁ జూచిన తరమువారు పురుషుఁడు స్త్రీవేషము ధరించుట యనఁగనే వేఱొక యాదర్శమును దలఁతురు. అందుఁ బ్రేక్షకుఁడు పురుషుని మఱచుటయే విజయము. సిడ్నీ దానికి విపర్యయమును సాధించెను. లంగా యంచును గొంచెమెత్తి నడచునప్పు డా మేనత్త నడక లోపలి విద్యార్థి లాగు నడకయే. అతనిఁ బ్రేక్షకుఁడు క్షణమైన మఱువరాదు. మఱచినచో శృంగారాభాస మగును గాని హాస్యము కాదు.

తరువాత వార్నరు సంస్థ కైదు చిత్రములు. వానిలో 1926 నాఁటి 'ది బెటరు ఓల్' ప్రధానము. ప్రథమప్రపంచయుద్ధపుఁ గందకములలోఁ బైపు కాల్చుచుఁ గూర్చుండు ముసలిసిపాయి 'ఓల్డు బిల్లు' పాత్ర. గుఱ్ఱపుతోలు వేషములో నిద్దఱు సిపాయిలు దూరి శత్రువుల నడుమఁ జిక్కుకొను ఘట్టము నేఁటికిని నవ్వించును. ఈ చిత్రము 'వైటాఫోను' అను ధ్వనియంత్రముతో నాదసంగతిఁ గూర్చి ప్రదర్శింపఁబడిన రెండవ పెద్దచిత్రమనియు గమనింపవలయును.

అలంకారశాస్త్రమున హాస్యమునకుఁ జెప్పిన విభావములలో వికృతవేషము, పరవేషము ముఖ్యములు. చార్లీది వికృతవేషము, సిడ్నీది పరవేషము. చార్లీ తన వికృతవేషము నొక్కదానినే యిరువదియేండ్లకుఁ బైగా ధరించెను. అది వేషముగాఁ బోయి రూపమైనది, రూపము పేరైనది. సిడ్నీ యొకచిత్రమున మేనత్త, ఒకదాన దాది, వేఱొకదాన ముసలిసిపాయి. గస్సిలు నొక్కని నిలుపుకొనఁజూచి యొక యేఁటనే విడిచినాఁడు. ప్రతిచిత్రమునఁ దన్నుఁ దాను దాఁచుకొనుటయే వాని విద్య. దాఁచుకొనుటలో నేర్పరి యైనవానిని లోకము మఱచుటలో వింత యేమి? మఱియు చార్లీ హాస్యమునకు వెనుకఁ గరుణ మొకటి నిలుచును. సిడ్నీ హాస్యము శుద్ధము, నవ్వించి విడుచును. పాండిత్యలోకము కరుణమిశ్రమును గొప్పదని యెంచుట యలవాటు. శుద్ధహాస్యము సులభ మనుకొనువారు దానినిఁ బ్రయత్నించి చూడవలయును.

ఇఁక రెండవ ప్రశ్న. శబ్దచిత్రములు రాఁగా మూకనటులు పెక్కుమంది మూలఁబడిరి గావున సిడ్నీయు నట్లే మూలఁబడె నని తలఁచుట సులభము. ఇది పొసఁగదు. అతఁడు నాటకరంగమునఁ బెరిగినవాఁడు, మాటలాడనేరనివాఁడు కాఁడు. నిజమైన కారణము వేఱు. 1928లో నింగ్లండునకు వచ్చి యొక చిత్రమున నటించిన తరువాత, 1929లో నాతఁడు తనపై దౌర్జన్యము చేసెనని యొక యువనటి యభియోగము తెచ్చెను. చిత్రసంస్థ న్యాయస్థానమున విచారణ లేకుండ ధనమిచ్చి దానిని బరిష్కరించుకొనెను. సిడ్నీ పన్నుల బాకీలతో నింగ్లండు విడిచిపోయెను. 1930లో దివాలా ప్రకటింపఁబడెను. మఱి యెన్నఁడును వెండితెరపై నటింపలేదు. విచారణ జరుగనందున న్యాయాధిపతి తీర్పు లేదు. కాని తీర్పు లేకపోవుట నిర్దోషి యని తీర్పు వచ్చుట కాదు. ధనముచేత వివాద మణఁగెను గాని, యా నటి మాట యసత్య మని యెవరును నిరూపింపలేదు. ఉపేక్షితుఁడైన వానికి న్యాయము చేయఁబూనిన వ్యాసకర్తకు వాని దోషమును గప్పిపుచ్చు ప్రలోభము కలుగును. సిడ్నీ పేరు మాయుటకు లోకము చేసిన యన్యాయము కొంత, తమ్మునికొఱకు వెచ్చించిన సంవత్సరములు కొంత. ఈ 1929వ సంవత్సర మంతకంటె నెక్కువ. ఇది విడిచి తక్కినవే చెప్పినచో నది స్తుతిపాఠ మగును, చరిత్రము కాదు.

తరువాత నతఁడు ఫ్రాన్సు దక్షిణతీరమున నీసు పట్టణమున నివసించెను. 1932లోఁ జార్లీ ప్రపంచయాత్రయందుఁ దోడుగా వెడలి సింహళము, సింగపూరు, జావా, బలి ద్వీపములమీఁదుగా జపానునకుఁ బోయెను. బలికిఁ బోవుట సిడ్నీ సూచనమే. అచటి నృత్యములను దన చిన్న యంత్రముతోఁ జిత్రించినాఁడు. నటన మానినవాఁడు తెరకు వెనుక నిలిచి చూడనేర్చెను. వారు జపాను చేరిన మఱునాఁడే, మే 15వ తేదీని, ఆ దేశపుఁ బ్రధానమంత్రి ఇనుకాయి హత్య చేయఁబడెను.

1952 నాఁటి 'లైమ్‌లైటు' చిత్రమున వీలరు డ్రైడను కనఁబడును. సిడ్నీ చాప్లిను అను పేరును గనఁబడును. కాని యా సిడ్నీ మన కథానాయకుఁడు కాఁడు. 1926లోఁ బుట్టి, పెదతండ్రి పేరు పెట్టఁబడిన చార్లీ కుమారుఁడు. నాటకరంగమునఁ గీర్తిగాంచి 1957లో టోనీ బహుమానమును బొందినవాఁ డితఁడే, 2009లో మరణించెను. పెదతండ్రి నీసునందు 1965 ఏప్రిలు 16వ తేదీని, చార్లీకి డెబ్బదియాఱేండ్లు నిండిన దినముననే, మరణించెను. పేరొక్కటియే యగుటచేత నిరువురి చిత్రములును గలగాపులగ మగుటకు వీలున్నది. పట్టికలను గూర్చువారు సంవత్సరమును జూచి నిర్ణయింపవలయును: 1928 లోపలివి పెదతండ్రివి, 1952 మొదలు కుమారునివి. నడుమ నున్న యిరువదినాలుగేండ్లలో నా పేరుతో నటించినవాఁ డెవఁడును లేఁడు.